పదకొండు గంటల పలహారం

మా అమ్మా నాన్నా నాలుగేళ్ళ పాటు వేరువేరు ఊళ్ళలో ఉన్నారు. వాళ్ళ మధ్య తగవులేమీ లేవు. కారణం నేను, నేను రాత్రి భోజనానికి ముందు వేసుకునే ఇన్సులిన్.

ఇంటర్ చదివేటప్పుడు నాకు షుగరు వచ్చింది. మాత్రలకు లొంగే రకం కాదు, మొదటి రోజు నుంచీ సూదే. అప్పట్లో నాకు రాసిచ్చింది పాలలా తెల్లగా ఉండే మందు. సీసాను రెండు అరచేతుల మధ్య పెట్టి నెమ్మదిగా దొర్లించి, అడుగున పేరుకున్న తెలుపంతా సమంగా కలిశాక సిరంజిలోకి తీసుకోవాలి. పొద్దున ఒకసారి, రాత్రి ఒకసారి. ఆ మందుకు ఒక గుణం ఉండేది. వేసుకున్న కొన్ని గంటలకు దానికి ఊపు వస్తుంది. ఆ ఊపులో ఉన్నప్పుడు కడుపులో ఏదో ఒకటి పడి ఉండాలి. లేకపోతే షుగరు దబ్బున పడిపోతుంది. చేతులు వణుకుతాయి, చెమటలు పోస్తాయి, మాట తడబడుతుంది, ఇంకా ఆలస్యమైతే స్పృహే ఉండదు. పొద్దున వేసినది పదకొండు గంటలకు ఊపందుకునేది. రాత్రి వేసినది ఏ మూడింటికో, పట్టించుకునే మనిషి నిద్రలో ఉన్నప్పుడు.

డిగ్రీ అయ్యాక అందరిలాగే నేనూ కంప్యూటర్ కోర్సు చేద్దామని తెనాలి నుంచి అమీర్‌పేట వచ్చాను. ఆ రోజుల్లో అమీర్‌పేటలో గోడల కంటే బోర్డులు ఎక్కువ. ఒక ఇరుకు మెట్ల దారి పట్టుకుని నాలుగు అంతస్తులు ఎక్కితే నాలుగు భాషలు నేర్పేవాళ్ళు, అందులో ఒక్కటి కూడా మనుషులు మాట్లాడేది కాదు. నాకు డేటాబేసులు బాగా ఒంటబట్టాయి. నేర్చుకున్న చోటే పాఠం చెప్పే ఉద్యోగం ఇచ్చారు. హాస్టల్లో ఉండేదాన్ని. సంబరంగా ఉంది బతుకు అనుకుంటున్న రోజుల్లో ఒక తెల్లవారుజామున నా పక్క మంచం అమ్మాయి ఎంత లేపినా నేను లేవలేదట. నాకు మెలకువ వచ్చేసరికి పంజాగుట్టలో ఒక ఆసుపత్రిలో, చేతికి గ్లూకోజు ఎక్కుతోంది.

మర్నాటికి అమ్మ ఒక సంచీతో దిగింది. పది రోజులు ఉండి వెళ్తానంది. యూసుఫ్‌గూడలో రెండు గదుల పోర్షన్ అద్దెకు తీసుకున్నాం. ఆ పది రోజులే నాలుగేళ్ళయ్యాయి.

అమ్మ రోజూ మూడింటికి లేచేది. అలారం అక్కర్లేదు. లేచి నా నుదురు మీద చెయ్యి పెట్టి చూసేది. తడిగా ఉంటే లేపి పంచదార నీళ్ళు తాగించేది, పొడిగా ఉంటే కాసేపు కూర్చుని వెళ్ళి పడుకునేది. ఆ తర్వాత ఆవిడకు నిద్ర పట్టేది కాదని నాకు తెలుసు. వంటింట్లో గిన్నెల చప్పుడు వినపడేది. తెనాలిలో నాన్న కరెంటాఫీసులో పని చేసుకుంటూ, ఒక్కడే వండుకు తింటూ ఉండేవారు. ఆయన వండితే పప్పు చారయ్యేది, చారు వేన్నీళ్ళయ్యేది. రోజూ సాయంత్రం ఫోన్ చేసి ఆ పూట ఏది చెడిపోయిందో నవ్వుతూ చెప్పేవారు. అమ్మను పంపమని మాత్రం ఒక్కసారి కూడా అడగలేదు. అడిగి ఉంటే నాకు కాస్త తేలికగా ఉండేది.

ఇక పదకొండు గంటల పలహారం సంగతి. అమ్మ చిన్న స్టీలు డబ్బాలో రెండు ఇడ్లీలో, ఉప్మానో, పక్కన ఒక అరటిపండో పెట్టి పంపేది. నా క్లాసులో కుర్రాళ్ళకు కూడా ఇది అలవాటైపోయింది. నేను బోర్డు మీద ఏదో రాస్తూ మైమరచిపోతే వెనక బెంచీ నుంచి ఎవరో ఒకరు, "మేడమ్, పదకొండైంది. జర తినుండ్రి, మళ్ళ చెప్తురు గాని" అనేవాళ్ళు. నేను తింటుంటే వాళ్ళు కిందికి దిగి చాయ్ తాగి వచ్చేవాళ్ళు. ఇన్‌స్టిట్యూట్ మొత్తంలో మా బ్యాచ్‌కే టీ విరామం ఉండేది. పక్క బ్యాచ్‌ల వాళ్ళు అసూయ పడేవాళ్ళని విన్నాను.

నాలుగో యేడు పంజాగుట్టలో నేను చూపించుకునే డాక్టరు గారు, "కొత్తరకం వచ్చిందమ్మా, మారుద్దాం" అన్నారు. రాత్రి పడుకోబోయే ముందు ఒక్కసారి, రోజూ ఒకే వేళకు వేసుకోవాలి. అది రోజంతా ఒకే మాదిరిగా పని చేస్తుంది. తిండికి ముందు వేసుకునేది వేరే, అది త్వరగా వచ్చి త్వరగా పోతుంది. "దీనికి ఆ ఊపు ఉండదు. రాత్రిళ్ళు పడిపోవడం బాగా తగ్గాలి. మధ్యమధ్యలో తినేవి కూడా చూసుకుంటూ తగ్గించుకోవచ్చు" అన్నారు. ఖరీదు ఎక్కువే. మూడు నెలలు వాడి చూసి, ఆ మూడు నెలల సగటు షుగరు చెప్పే రక్తపరీక్షలో ఫలితం కనపడకపోతే పాతదానికే వెళ్ళిపోదామన్నారు.

నేను అడిగింది ఒక్కటే. "అయితే మా అమ్మ రాత్రి లేవక్కర్లేదా?"

"మూడు నెలల తర్వాత ఆవిడకే చెప్తాను" అని నవ్వారు.

ఆ మాటతో నేను బయటికి వచ్చేటప్పుడు మెట్లు దిగానో ఎగిరానో గుర్తులేదు. అమ్మను తెనాలి పంపించాలి, అంతే. నా మూడు నెలల షుగరు కంటే నాకు కావలసింది అదే.

అమ్మకు మాత్రం కొత్త మందు మొదటి చూపులోనే నచ్చలేదు. పెన్నులాంటి దాంట్లో ఉన్న మందును వెలుతురుకు పెట్టి చూసి, "ఏంటే ఇది, నీళ్ళలా ఉంది" అంది. పాలలా చిక్కగా ఉన్నదానికే అంత కష్టంగా లొంగిన రోగం ఈ నీళ్ళకు లొంగుతుందా అని ఆవిడ అనుమానం. కలపక్కర్లేదని చెప్పినా దాన్ని కూడా రెండు చేతుల మధ్య పెట్టి దొర్లించి ఇచ్చేది. నాలుగేళ్ళుగా రోజుకు రెండుసార్లు చేసిన పని, చేతులు ఊరుకోవు కదా. దొర్లిస్తే పోయేదేమీ లేదని నేనూ ఊరుకున్నాను.

నెల తిరిగేసరికి మధ్యాహ్నం చూసుకుంటే మీటరులో రెండు వందల నలభై, రెండు వందల అరవై. పాత మందు మీద ఉన్నప్పుడు ఆ వేళకు అంత ఎప్పుడూ లేదు. ఫోన్ చేసి చెబితే డాక్టరు గారు ఇంకొన్నాళ్ళు చూద్దాం, డోసు అప్పుడే పెంచవద్దన్నారు. రాత్రిళ్ళు మాత్రం చెమటలు పట్టడం ఆగిపోయింది. ఆ సంగతి నేను ఎత్తితే అమ్మ, "అది నేను పడుకునే ముందు ఇస్తున్న పాల వల్ల" అనేది. అంతకు ముందు నాలుగేళ్ళూ అవే పాలు ఇచ్చిందన్న మాట నేను అనబోయి మింగేసేదాన్ని. అనేసిన రోజు కూడా ఉంది. ఆ రోజు ఇద్దరం మాట్లాడుకోలేదు.

"నీకిది పడలేదే తల్లీ" అంది ఒక సాయంత్రం అమ్మ, నా ప్లేటులో ఇంకో చపాతీ వేస్తూ. "పాతదే నయం. పోనీలే, నేనున్నాగా."

నేనున్నాగా అన్న ఆ మాటకు నాకు ఏడుపు వచ్చింది. కోపం కూడా వచ్చింది. రెండూ కలిసి వస్తే నేను గిన్నెలు తోముతాను, ఆ రోజు తోమిన గిన్నెలే మళ్ళీ తోమాను. నాన్న ఇంకో యేడాది వేన్నీళ్ళ చారు తాగాలా అన్నదే నా మనసులో తిరుగుతోంది.

పాతదానికి మారిపోవడమే ఇక, అనుకుంటున్న రోజుల్లో ఒక పొద్దున మాసబ్ ట్యాంక్‌లో ఒక సర్కారు ఆఫీసుకు వెళ్ళాల్సి వచ్చింది. అక్కడి ఉద్యోగులకు కంప్యూటర్ నేర్పించే విషయం మాట్లాడి రమ్మని ఇన్‌స్టిట్యూట్ వాళ్ళు పంపారు. ఆఫీసు తెరవగానే కలిశాను, పది దాటిన కాసేపటికే పని అయిపోయింది. పదకొండుకల్లా అమీర్‌పేటలో ఉంటాను కదా అని పలహారం డబ్బా, మీటరు రెండూ ముందుగానే ఇన్‌స్టిట్యూట్‌లో పెట్టి వెళ్ళాను. ఇది నాలాంటి వాళ్ళు చేయకూడని పని. అమీర్‌పేట బస్సెక్కి, ఆడవాళ్ళ సీట్లలో కిటికీ పక్కన కూర్చున్నాను.

పంజాగుట్ట సిగ్నలు ఇంకా కనపడకముందే బస్సు ఆగిపోయింది. ఫ్లైఓవర్ కడుతున్న రోజులవి. రోడ్డు సగం తవ్వేసి ఉంది, మిగతా సగంలో ఊరంతా ఉంది. డ్రైవరు ఇంజను ఆపేశాడు. ఆ జంక్షన్‌లో డ్రైవరు ఇంజను ఆపేశాడంటే చాలా అర్థం ఉంది. కండక్టరు దిగి కొంచెం దూరం నడిచి చూసి వచ్చి, "ముంగట క్రేన్ పెట్టిండ్రు. ఎప్పుడు తీస్తరో ఎరుక లేదు" అని ప్రకటించి, టిక్కెట్ల సంచీ ఒళ్ళో పెట్టుకుని కళ్ళు మూసుకున్నాడు.

గడియారం చూసుకున్నాను. పదకొండు కావస్తోంది. హ్యాండ్‌బ్యాగులో వెతికితే ఒక గ్లూకోజు పొట్లం దొరికింది. అది పలహారం కాదు. వణుకు మొదలయ్యాక మాత్రమే వాడాలి, అది మా ఇంటి నియమం. పొట్లం మూల చింపి, చేతిలో పట్టుకుని కూర్చున్నాను. వణుకు వస్తే వెంటనే నోట్లో పోసుకోవచ్చని.

పదకొండైంది. నాకు ఒళ్ళు మండిపోతోంది. క్రేన్ మీద, రోడ్డు మీద, డబ్బా వదిలేసి వచ్చిన నా తెలివి మీద. పక్క సీట్లో కూర్చున్న పెద్దావిడ చాలాసేపటి నుంచి నన్నే చూస్తోంది. చివరికి ఆగలేక అడిగింది.

"ఏమైందమ్మా? గా పొడి తింటవా, చూసుకుంటనే కూసుంటవా?"

నాకు షుగరుందని, ఈ వేళకు పడిపోతుందని, వణుకు వస్తే తింటానని చెప్పాను.

"వణుకు రావాలని ఎదురు చూసెటోళ్ళను గిప్పుడే చూస్తున్న" అందావిడ. "నా తాన రొట్టె సుత ఉన్నది. ఇయ్యాల్నా?"

"ఉండనివ్వండమ్మా. అవసరమైతే అడుగుతాను."

"అడుగు. ఫికర్ చెయ్యకు. నేను ఎక్కడికి పోత, బస్సే పోతలేదు."

ఆవిడ మాటకు ముందు సీటువాళ్ళు కూడా నవ్వారు. నాకు కొంచెం ధైర్యం వచ్చింది. చేతి వేళ్ళు చాచి చూసుకున్నాను. నిలకడగానే ఉన్నాయి. నుదురు తుడుచుకున్నాను. చెమట ఉంది గాని అది ఎండ చెమటే, బస్సులో అందరికీ పట్టింది. లెక్కలు వేసుకుని చూసుకున్నాను, బుర్ర బాగానే పని చేస్తోంది. క్లాసులో చెప్పాల్సిన పాఠం మొదటి నుంచి చివరిదాకా మనసులో చెప్పుకున్నాను. ఎక్కడా తడబడలేదు. గ్లూకోజు పొడి మాత్రం నా పిడికిట్లో తడిసి ముద్దయిపోతోంది.

"వచ్చిందా?" అని అడుగుతోంది పెద్దావిడ మధ్యమధ్యలో.

"రాలేదండీ."

"మంచిదే కదా. మొహం అట్ల పెట్టినవేంది?"

నా మొహం ఎలా ఉందో నాకు తెలియదు. నాకు అప్పుడే ఒక విషయం అర్థమవుతోంది. పన్నెండు దాటింది. ఇంటర్ చదివినప్పటి నుంచి, పొద్దున టిఫిను తిన్నాక పన్నెండు దాటేదాకా నేను ఇంకేమీ తినకుండా ఎన్నడూ లేను. ఇంతసేపు ఆగినా వణుకు రాలేదంటే ఇక రాదు. ఆ ఊపు ఉండదని డాక్టరు గారు చెప్పింది నిజం. మరి మందు మారాక కూడా ఇన్నాళ్ళూ పదకొండింటికి అమ్మ పెట్టిన ఇడ్లీలు, అరటిపండు ఎవరి కోసం తిన్నట్టు? రాని చుట్టానికి రోజూ వండి పెట్టి, చుట్టం రాలేదు గనక ఆ భోజనమూ నేనే తిన్నాను. మధ్యాహ్నానికి షుగరు రెండు వందల నలభై ఉండక ఏమవుతుంది? మందు పడకపోవడం కాదు, పాత మందుకు పెట్టిన తిండిని కొత్త మందు మీద కూడా పెడుతున్నాం.

బస్సు కదిలింది. అమీర్‌పేటలో దిగేటప్పుడు పెద్దావిడకు దణ్ణం పెట్టాను. ఆవిడ ఎందుకో తెలియకపోయినా తల మీద చెయ్యి పెట్టింది. ఇన్‌స్టిట్యూట్ మెట్లు ఎక్కి, ముందు మీటరు తీసి వేలు పొడుచుకున్నాను. నూట పన్నెండు. మళ్ళీ ఇంకో వేలు పొడుచుకున్నాను. అంతే ఉంది. నా కోసం ఎదురు చూస్తున్న కుర్రాళ్ళ ముందే కళ్ళు తుడుచుకున్నాను. "మేడమ్, తినలేదా?" అని కంగారుపడ్డారు. "తింటాను, భోజనమే తింటాను" అన్నాను.

సాయంత్రం క్లినిక్‌కు ఫోన్ చేస్తే డాక్టరు గారు అంతా విని, "తగ్గించుకోవచ్చని చెప్పాను కదమ్మా" అన్నారు.

"తగ్గించుకోవచ్చన్నారు. నేను వెళ్ళి చెబితే మా అమ్మ అది వినలేదండీ. మానేయమన్లేదు అన్నదే విన్నది."

ఆయన గట్టిగా నవ్వారు. ఒకేసారి అన్నీ మానేయొద్దు, ముందు పదకొండుది, వారం తర్వాత సాయంత్రంది, ఆ తర్వాత రాత్రి పాలు, ఒక్కొక్కటీ ఆపుతూ మీటరుతో చూసుకుంటూ వెళ్ళమన్నారు. గ్లూకోజు మాత్రం ఎప్పుడూ దగ్గర ఉండాలన్నారు.

అమ్మకు చెప్పడమే కష్టమైంది. రేపటి నుంచి డబ్బా వద్దన్నాను. బస్సు సంగతంతా చెప్పాను, నూట పన్నెండు అని రెండుసార్లు చెప్పాను. ఆవిడ సంతోషిస్తుందనుకున్నాను. అమ్మ ఆ స్టీలు డబ్బా కడిగి, తుడిచి, అటక మీద పెట్టే సామాన్ల దగ్గర పెట్టింది. తర్వాత గడప మీద కూర్చుని, "ఇన్నాళ్ళూ నేనే నీ షుగరు పెంచానంటావు" అంది.

"ఇన్నాళ్ళూ నువ్వే నన్ను బతికించావంటున్నాను. పాత మందు మీద ఆ పలహారం లేకపోతే నేను ఉండేదాన్నే కాదు. మందు మారింది, మనం మారలేదు. అంతే."

"పదకొండింటికి పెట్టక్కర్లేదు, పాలు ఇవ్వక్కర్లేదు, రాత్రి లేవక్కర్లేదు. మరి నేనెందుకే ఇక్కడ?"

నేను వెళ్ళి పక్కన కూర్చున్నాను. "అదే అమ్మా. నువ్వు ఇక్కడ ఉండక్కర్లేని రోజు రావాలనే ఈ మందు వేసుకుంటున్నాను. నాన్న దగ్గరకు వెళ్ళు. ఆయన చారు తాగి తాగి చిక్కిపోయారు."

అమ్మ కొంగుతో మొహం తుడుచుకుని, "ఆ మనిషికి చింతపండు ఎంత వెయ్యాలో ఇప్పటికీ తెలియదు" అంది. అది ఒప్పుకోవడమేనని నాకు అర్థమైంది.

ఒక్కొక్కటీ ఆపాం. సాయంత్రం బిస్కెట్లు పోయాయి, రాత్రి పాలు పోయాయి. క్లాసులో చాయ్ విరామం మాత్రం ఉంచమని కుర్రాళ్ళు గొడవ చేశారు. వాళ్ళకు చాయ్, నాకు మంచినీళ్ళు అని ఒప్పందం కుదిరింది. అన్నీ సాఫీగా జరిగాయని చెప్పను. ఒక మధ్యాహ్నం లెక్క తప్పి అరవైకి దిగింది, ఇంకో రోజు పక్కింటి పెళ్ళి భోజనానికి మూడొందలు దాటింది. మూడు నెలల పరీక్ష వచ్చేసరికి మాత్రం నా జబ్బు మొదలైన దగ్గర్నుంచి ఎప్పుడూ లేనంత కిందకు వచ్చింది. డాక్టరు గారు కాగితం అమ్మ చేతికే ఇచ్చి, "ఇక మీరు మీ ఊరు వెళ్ళొచ్చమ్మా" అన్నారు. అమ్మ ఆ కాగితాన్ని మడిచి బొడ్లో దోపుకుంది.

బయల్దేరే ముందు రోజు అమ్మ పై పోర్షన్‌లో ఉండే ఇంటి ఓనరమ్మకు అప్పగింతలు మొదలుపెట్టింది. వణుకు ఎలా ఉంటుంది, గ్లూకోజు ఎక్కడుంటుంది, ఏ ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. ఓనరమ్మ ఓపికగా అంతా విని, "అక్కా, పొద్దుగాల ఆరింటికి నేను తలుపు కొడ్త. తీయకపోతే నా తాన ఇంకో తాళం చెవి ఉన్నది. ఇంక నువ్వు నిమ్మళంగా పో" అంది. సికింద్రాబాద్ స్టేషన్‌లో మధ్యాహ్నపు రైలు కదిలేదాకా అమ్మ కిటికీలోంచి నా నుదురే చూస్తూ కూర్చుంది.

ఆ రాత్రి పడుకునే ముందు మీటరు చూసుకున్నాను, బాగానే ఉంది. మూడింటికి నా అంతట నాకే మెలకువ వచ్చింది. ఇంకోసారి చూసుకున్నాను, బాగానే ఉంది. పొద్దున ఆరింటికి ఓనరమ్మ తలుపు కొట్టింది, తీశాను. "ఉన్నవా?" అంది. "ఉన్నానండీ" అన్నాను. ఇద్దరం నవ్వుకున్నాం.

ఎనిమిది కాబోతుండగా నాన్న ఫోన్ చేశారు. ఆయన గొంతు ఎందుకో బాగా తగ్గించి మాట్లాడుతున్నారు.

"అమ్మాయ్, బాగున్నావా?"

"బాగున్నాను నాన్నా. అమ్మ చేరిందా?"

"చేరింది, చేరింది, నిన్న బాగా పొద్దుపోయాక. రాత్రి ఎప్పుడో లేచి కూర్చుని, అమ్మాయేదీ అంది. హైదరాబాద్‌లో ఉంది, బాగానే ఉంది అన్నాను. మళ్ళీ పడుకుంది. ఇంకా లేవలేదే. పెళ్ళయిన దగ్గర్నుంచి ఈ మనిషి ఇంతసేపు పడుకోవడం నేను చూడలేదు. ఒంట్లో బాగానే ఉందంటావా? లేపమంటావా?" అన్నారు.

"ఊపిరి బాగా పీలుస్తోందా?"

"గురక కూడా పెడుతోంది."

"లేపకండి నాన్నా."

"కాఫీ కలిపాను. చల్లారిపోతోంది."

"చల్లారనివ్వండి. అది మీరు తాగేయండి."

ఆయన ఒక గుక్క తాగిన చప్పుడు వినిపించింది. తర్వాత గొంతు ఇంకా తగ్గించి, "సరే, ఇవాళ ఆఫీసుకు ఆలస్యంగా వెళ్తాలే" అన్నారు.